పాత కంప్యూటర్‌ని వెలివేసిందెవరు?

(దళిత యువజనుల కంప్యూటర్ శిక్షణా తరగతుల ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)



మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి తెలుగులో అర్జీ టైపు చెయ్యడం దాకా ఈ తరగతుల్లో నేర్చుకున్నారు. సంతోషం. ఇవాళ మేము మాట్లాడదలుచుకున్నది కంప్యూటర్ ఎట్లా వాడాలన్న సంగతి గాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం మారుతోంది, ఆ మార్పులో మన పేటలు, గూడేలు ఎక్కడున్నాయి అన్న సంగతి.

2025 అక్టోబర్ 14న ఒకే రోజు రెండు పనులు జరిగాయి. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతుల్ని ఆపేసింది. అదే రోజు ఢిల్లీలో గూగుల్ కంపెనీ, మన విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. రెండోదానికి పేపర్లన్నీ మొదటి పేజీ ఇచ్చాయి. మొదటిది లోపలి పేజీల్లో ఎక్కడో ఉంది. మన హాస్టళ్ళలో, సంఘం ఆఫీసుల్లో, అంబేద్కర్ గ్రంథాలయాల్లో ఉన్న మిషన్లకు తగిలేది మాత్రం ఆ మొదటిదే. అందుకని దానితోనే మొదలుపెడతాం.

విండోస్ 10 వచ్చింది 2015లో. 2021లో విండోస్ 11 వచ్చింది. ఇది అన్ని కంప్యూటర్లలోకీ రాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరందో, ఆ తర్వాతదో కావాలంటుంది. ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంటే 2016లో అప్పు చేసి కొన్న మిషను ఎంత బాగా నడుస్తున్నా సరే, పనికిరాదన్నమాట. మీట నొక్కితే అక్షరం పడుతుంది, ప్రింటర్‌కి కాగితం పోతుంది, హార్డ్ డిస్కు తిరుగుతుంది. అయినా లోపలికి రానివ్వరు. పుట్టుక చూసి గడప బయట నిలబెట్టడం మనకేం కొత్త గాదులెండి, ఇప్పుడు మిషన్లకు కూడా వచ్చింది.

కంపెనీ దీన్ని భద్రత అంటుంది. టీపీఎం అంటే తాళంచెవులు దాచుకునే పెట్టె లాంటిది. దాంతో ఉపయోగం ఉంది, లేదనడం లేదు. కానీ మిగతా షరతులు చూడండి. విండోస్ 10 వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది మరమ్మతులు ఇస్తామన్నారు. అందుకు 30 డాలర్లు కట్టాలి, లేదా మన సెట్టింగులు వాళ్ళ దగ్గర బ్యాకప్ పెట్టాలి, లేదా వాళ్ళ రివార్డు పాయింట్లు కూడబెట్టి కట్టాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాయి. అక్కడ మాత్రం డబ్బులు, బ్యాకప్ షరతు ఎత్తేశారు. మిషను ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే. నిలదీసినోడికి ఒక లెక్క, నోరు మూసుకున్నోడికి ఒక లెక్క. ఈ ముక్క మనకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇక కొట్టుకు పోతే ఏమంటున్నారు? "పాతది పారెయ్యండి, ఏఐ ల్యాప్‌టాప్ తీసుకోండి, వాయిదాల్లో ఇస్తాం" అంటున్నారు. డిగ్రీలో చేరిన పిల్లలు ఇంట్లో పోరుపెడుతున్నారు. గొడ్డు అమ్మి, డ్వాక్రా లోను తీసి కొనిపెడుతున్న తల్లులున్నారు. అందుకే ఆ ఏఐ ల్యాప్‌టాప్ ఏమిటో విప్పి చూద్దాం.

2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీ అని ఒక రకాన్ని ప్రకటించింది. దానికి 16 జీబీ ర్యామ్, 256 జీబీ నిల్వ, ఎన్‌పీయూ అనే ప్రత్యేక చిప్ ఉండాలి. ఆ చిప్ సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చెయ్యగలగాలి. వినడానికి గొప్పగా ఉంది. మన పిల్లలు చేసేదేమిటి? దరఖాస్తు నింపడం, గ్రూప్స్ పరీక్షకి చదవడం, సి లాంగ్వేజీ, పైథాన్ నేర్చుకోవడం, పాటలు వినడం. వీటిలో ఒక్కదానికీ ఆ 40 లక్షల కోట్లు అక్కర్లేదు. చాట్‌జీపీటీ లాంటివి వాడాలన్నా, ఆ లెక్క జరిగేది ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌లో. మన మిషను తెర మాత్రమే. పదేళ్ళ నాటి కంప్యూటర్‌లోనూ అది అంతే వస్తుంది. ఎన్‌పీయూ పనికొచ్చేది మిషన్‌లోనే మాట గుర్తుపట్టడం, బొమ్మ సరిచెయ్యడం వంటి వాటికి. అవసరమున్నోళ్ళు కొనుక్కోండి, తప్పు లేదు. పారేసి కొనాల్సిన పని లేదంటున్నాం.

ఆ మిషన్లతో వచ్చిన ఒక సదుపాయం గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాం, ఎందుకంటే ఇది మన ప్రాణాలతో కూడుకున్నది. దాని పేరు రీకాల్. తెర మీద కనిపించేదాన్ని కొద్ది సెకన్లకొకసారి ఫొటో తీసి దాస్తుంది. నిన్న చూసిందేమిటో తర్వాత వెతుక్కోవచ్చునంటారు. 2024లో ప్రకటించగానే భద్రతా నిపుణులు మండిపడ్డారు, ఆ దాచినదాన్ని బయటివాడు తేలిగ్గా చదవొచ్చని చూపించారు. కంపెనీ వెనక్కి తగ్గింది. కోరుకుంటేనే పనిచేసేట్టు మార్చి, రహస్య లిపిలో దాచేట్టు చేసి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ వదిలింది. సరే. ఇప్పుడు మన సంఘం ఆఫీసు సంగతి ఆలోచించండి. ఒకటే కంప్యూటర్, ఒకటే పాస్‌వర్డ్, అది గోడ మీద రాసి ఉంటుంది. ఆ మిషన్‌లో మనం టైపు చేసేది ఏమిటి? అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు, నిజనిర్ధారణ నివేదిక, సాక్షుల పేర్లు, ఊరొదిలి ఎక్కడ తలదాచుకున్నారో ఆ చిరునామా. అట్లాంటి తెరను సెకన్ల లెక్కన ఫొటో తీసి దాస్తామంటే ఒప్పుకుంటామా? మిషను పెట్టేప్పుడు అడుగుతుంది, వద్దని నొక్కండి. పాస్‌వర్డ్ గోడ మీద తుడిచెయ్యండి. సాక్షి పేరున్న కాగితాన్ని చాట్‌బాట్‌లో పడేసి "ఇంగ్లీషులోకి మార్చు" అనడం కూడా మానెయ్యండి. పేర్లు తీసేసి, ఊళ్ళు తీసేసి, అప్పుడు అడగండి.

ఇక ధరలు. 2025 ఆఖరి నెలల్లో ర్యామ్ ధర రెండింతలు దాటిపోయింది. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో ఎక్కువ భాగం తయారుచేసేది మూడు కంపెనీలు: కొరియాలో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. డేటా సెంటర్లకు కావాల్సిన హెచ్‌బీఎమ్ అనే ఖరీదైన ర్యామ్ ఒక జీబీ చెయ్యాలంటే, మామూలు ర్యామ్‌కన్నా దాదాపు మూడు రెట్లు సిలికాన్ పడుతుంది. లాభం అక్కడుంది గనుక ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం మూసేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. కాలవ ఎగువన మోతుబరి తూము పగలగొట్టుకుంటే దిగువన మన చెక్కకి నీళ్ళందవు. ఇదీ అంతే.

ఆటల సంగతి అడిగారు కుర్రాళ్ళు. ఆటంటే మాకు కోపం లేదు. ఇవాళ్టి ఏఐ పుట్టుకలో ఆటకి పెద్ద భాగముంది. ఆటలో తెర మీద ప్రతి చుక్కకీ రంగు లెక్కగట్టాలి. ఒక చుక్క కోసం ఇంకో చుక్క ఆగక్కర్లేదు. అందుకని వందల చిన్న చిన్న లెక్కల యంత్రాలు పక్కపక్కన పెట్టి గ్రాఫిక్స్ కార్డు చేశారు. బొమ్మను గుర్తుపట్టే యంత్రానికీ ఇట్లాంటి లెక్కే కావాలి. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు ముగ్గురు, ఎన్విడియా కంపెనీ ఆట కార్డులు రెండు పెట్టి, ఇమేజ్‌నెట్ అనే పోటీలో అందర్నీ దాటేశారు. ఎన్విడియా దశ అక్కడ తిరిగింది. ఇప్పుడా కంపెనీకి ఆటగాళ్ళు చిన్న గిరాకీ. 2025 జనవరిలో ప్రకటించినప్పుడు 5090 కార్డు ధర 1999 డాలర్లు. ఆ తరం కార్డులు వచ్చినప్పుడు, ఆట గీసే ఒక్కో బొమ్మకి మరో మూడు బొమ్మలు దాకా ఏఐ ఊహించి మధ్యలో పెట్టేది.

ఆ ఇమేజ్‌నెట్ దగ్గర ఆగాలి. లక్షల ఫొటోలకి "ఇది కుక్క, ఇది కుర్చీ" అని పేర్లు పెట్టిందెవరు? 167 దేశాల నుంచి దాదాపు 49 వేల మంది. అమెజాన్ కంపెనీ నడిపే మెకానికల్ టర్క్ అనే చోట, ముక్కకింత అని చిల్లర కూలి తీసుకుని చేశారు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? 1770లో ఐరోపాలో చదరంగమాడే యంత్రం అని ఒకటి చూపించారు. రాజులు నోరెళ్ళబెట్టారు. లోపల ఒక మనిషి నక్కి కూర్చుని ఆడేవాడు. ఆ మోసం పేరే పనికి పెట్టుకున్నారు, సిగ్గు లేకుండా! చెప్పులు కుట్టినోడు, గుడ్డ నేసినోడు కనపడకూడదు, వాడుకున్నోడు మాత్రం గొప్పోడు. ఉత్పత్తి కులాల కథ కంప్యూటర్‌లోకి కూడా నడిచి వచ్చింది.

కులం ఒంటరిగా రాలేదు, తన భావాలన్నీ వెంట తెచ్చుకుంది. 2025 అక్టోబర్‌లో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ అనే అమెరికా పత్రిక ఒక పరీక్ష ఫలితాలు అచ్చేసింది. అప్పట్లో చాట్‌జీపీటీ వెనకున్న జీపీటీ 5కి 105 ఖాళీ వాక్యాలిచ్చి, "దళిత", "బ్రాహ్మణ" అనే రెండు మాటల్లో ఒకటి పూరించమన్నారు. తెలివైనవాడు ఎవరు, మురుగు ఎత్తేవాడు ఎవరు, ఈ తరహావి. 80 వాక్యాల్లో అది మనువు చెప్పిన జవాబే చెప్పింది. దానికన్నా ముందు వచ్చిన మోడల్ ఇట్లాంటి వాటిలో చాలావాటికి జవాబు చెప్పననేది. కొత్తది తడుముకోకుండా చెప్పేసింది. ఒక దళిత పరిశోధకుడు దరఖాస్తు ఇంగ్లీషు సరిచెయ్యమని ఇస్తే, ఇంటిపేరు తీసేసి శర్మ అని పెట్టిందట! పరిశోధన చేసేవాడు శర్మే అయ్యుంటాడని దాని లెక్క.

ఎందుకిట్లా? యంత్రానికి కులం లేదు. అది చదివిన రాతలకి ఉంది. ఇంగ్లీషులో, తెలుగులో కంప్యూటర్‌కెక్కిన రాతలు ఎవరివి? మన పత్రికలు, మన కరపత్రాలు, కారంచేడు, చుండూరు నాటి మన నివేదికలు చాలామట్టుకు అట్టపెట్టెల్లో చెదలు తింటున్నాయి. వాటిని కంప్యూటర్‌కెక్కించాలని మాలో కొందరంటున్నారు. ఎక్కిస్తే కంపెనీలు అప్పనంగా ఎత్తుకుపోతాయని కొందరంటున్నారు. రెండూ నిజమే. మా మటుకు మాకు, దోచుకుంటారని రాత దాచిపెట్టడం కన్నా, మన పేరుతో మనమే ఎక్కించడం మేలనిపిస్తోంది. ఇది చర్చకి పెడుతున్నాం.

డబ్బు పెట్టి ఆడే ఆటల గురించి ఒక్క ముక్క. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటివి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగదారి లింకులు ఫోన్లకు వస్తూనే ఉంటాయి. కూలి డబ్బులు వాటిలో పొయ్యకండి. అంతే.

ఇప్పుడు పని. పాత కంప్యూటర్లు పారెయ్యకండి. లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఉంది. అందులో మింట్ అనే రకానికి 4 జీబీ ర్యామ్ చాలు, 2 జీబీతోనూ నడుస్తుంది. తెలుగు యూనికోడ్ అక్షరాలు హాయిగా వస్తాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి తెలుగులో ఈ పని చేస్తున్నారు. ఇబ్బందులు కూడా చెప్తాం: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పత్రిక పేజీలు పెట్టేవాళ్ళకి ఇది కుదరదు, వాళ్ళ మిషను విండోస్‌తోనే ఉంచి ఇంటర్నెట్ తీసెయ్యండి. ఆటలు చాలావరకు ఆడతాయి. వాల్వ్ కంపెనీ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ అనే ఆట పెట్టె నడిచేది లినక్స్ మీదే. వాలరెంట్ లాంటివి మాత్రం ఆడవు, ముందే చెప్తున్నాం, తర్వాత మమ్మల్ని తిట్టొద్దు.

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడికే మీ మీ పేటల నుంచి పాత మిషన్లు తీసుకురండి. ముందుగా ఫొటోలు, ఫైళ్ళు వేరే చోట దాచుకోండి, ఎక్కించేప్పుడు పోతాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఊరికొకటి ఉంటే చాలు. ఆడపిల్లలు ముందు కూర్చుంటారు, ఎక్కించే పని వాళ్ళతోనే మొదలుపెడతాం.

జై భీమ్.