ఐర్లండు శిలాద్వారములు

(సంఘ సాహిత్యగోష్ఠిలో చదువబడిన ప్రసంగపాఠము)



మధ్యయుగపు ఐరోపా దేవాలయము లనగానే ఆకాశము నంటు శిఖరములును, వేలాది జనులు పట్టు మందిరములును తలపునకు వచ్చును. ఐర్లండులో 12వ శతాబ్దమున వెలసిన చర్చిలను చూడబోయినవారికి మొదట నిరాశయే కలుగును. ప్రార్థనకు ఒక గది, వేదికకు మరియొక చిన్నగది. పెక్కుచోట్ల ఇంతకు మించి లేదు. నిరాశతో వెనుదిరుగబోవు వానిని అచటి ద్వారము నిలువరించును.

అర్ధవృత్తాకారపు కమానులు, దళసరి గోడలు గల నాటి నిర్మాణరీతికి 19వ శతాబ్దపు పండితులు రోమనెస్క్ అని పేరు పెట్టిరి. ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో ఆ రీతి పెద్ద మందిరముల నిర్మాణమునకు తోడ్పడినది. ఐర్లండువారు మందిరమును పెంచలేదు. పూర్వ మహాత్ముల పేర వెలసిన పుణ్యస్థలముల కొలతను మార్చుటకు వారి మనసొప్పలేదు కాబోలు. కొత్తగా నేర్చిన విద్యనంతను వాకిటిమీదను, వేదికకు ముందుండు కమానుమీదను కుమ్మరించిరి.

దీనికి మినహాయింపు వంటిది కాషెల్ కొండమీది కార్మక్ ప్రార్థనాలయము. మన్‌స్టర్ రాజు కార్మక్ మెకార్తీ దానిని 1127లో ఆరంభింపగా 1134లో ప్రతిష్ఠ జరిగినది. రెండు చదరపు గోపురములు, నిటారుగా వాలిన రాతికప్పు, లోపల రాతితో వంచిన పైకప్పు గలిగి, అది చిన్నదయ్యు నిండైన కట్టడము. ఉత్తరద్వారముపైని అర్ధచంద్రాకారపు శిలలో, సగము మనిషి, సగము గుర్రము అయిన విలుకాడొకడు పెద్ద సింహముపై బాణము వేయుచున్నాడు. తరువాతి శతాబ్దమున పెద్ద చర్చి నొకదానిని దీని ప్రక్కనే ఒరసికొనునట్లు కట్టుటచే, ఆ ముఖ్యద్వారము ఇరుకు మూలలో పడిపోయినది. అయినను, పెద్దచర్చి 18వ శతాబ్దమున కప్పు కోల్పోయి మొండిగోడలతో మిగులగా, చిన్నదాని రాతికప్పు నేటికిని నిలిచియున్నది.

ఆ రాయి ఇసుకరాయి. మెత్తనిది గనుక ఉలికి చక్కగా లొంగును; నీటిని పీల్చును గనుక వానకు అంత చక్కగానే లొంగును. ఐర్లండులో వానకు కొదువ లేదు. కాషెల్‌లో గోడలు చెమ్మగిల్లి, సున్నపు పూతల క్రింద దాగి బయటపడిన వర్ణచిత్రములకు చేటు కలుగుచుండగా, 21వ శతాబ్దమున ప్రభుత్వమువారు కొన్నియేండ్లపాటు ఆలయమునంతటిని పందిరివంటి కప్పుతో మూసి ఆరబెట్టవలసివచ్చినది.

గాల్వే మండలములోని క్లాన్‌ఫర్ట్ ద్వారము వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. వరుసలు వరుసలుగా లోనికి దిగు కమానులు, వానిపై త్రికోణాకారపు శిఖరము, అందు పేర్చిన మనుష్యముఖములు! ద్వారపు ప్రక్కకంబములు పైకి పోయినకొలది లోనికి వాలియుండును. ఇది ఆ దేశపు పాతచర్చిల వాకిళ్ళ తీరు. బయటినుండి వచ్చిన కమానును తమ పాత వాకిటిపై నిలిపిరన్నమాట. చెక్కడము లోతైనది కాదు. రాతిని గుండ్రముగా మలచుటకంటె దాని ముఖముపై గీయుటయే వారి కిష్టము. తాళపత్రముమీద గంటముతో వ్రాసిన చేయివంటిది ఆ ఉలి. వారి పూర్వులు చర్మపత్రములపై వ్రాసిన చిత్రగ్రంథముల అల్లికలే ఇచట రాతికెక్కినవి.

కిల్లెషిన్ అనుచోట ద్వారపు బోదెల మూలలలో తలలు కలవు. ఆ తలల వెండ్రుకలు జడలుజడలుగా అల్లుకొని ప్రక్కతలవరకు ప్రాకును. అచటనే, సగము చెరిగిన అక్షరములలో, లెన్‌స్టర్ రాజు డెర్మట్ కొరకు ప్రార్థింపుడని చెక్కియున్నది. ఈతడు డెర్మట్ మక్‌మరో యని పండితుల అభిప్రాయము. 1166లో రాజ్యభ్రష్టుడై ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ నాశ్రయించి, 1169లో నార్మనులను దేశమునకు రప్పించినవాడు ఈ డెర్మటే.

ఆతడు 1152లో బ్రెఫ్నీ రాజు టియర్నన్ ఓ రూర్క్ భార్యయైన డెర్వర్‌గిల్లాను, ఆమె పశువులతోను సొత్తుతోను కూడ, ఎత్తుకొనిపోయెను. మరుసటియేడు ఆమె తిరిగి వచ్చెను. పరదేశీయులు వచ్చుటకు ఈమెయే మూలమని తరువాతి కథకులు నింద వేసిరి. ఆమెకు అప్పటికే నలువది దాటినదనియు, నార్మనులు వచ్చినది పదునేడేండ్ల తరువాతననియు ఆ కథకులు లెక్కింపలేదు.

షానన్ నదీతీరమున క్లాన్‌మక్‌నాయిజ్ అను మఠస్థలమున, తక్కిన చర్చిలకు కొంత దూరముగా, సన్న్యాసినుల చర్చి యొకటి కలదు. దానిని 1167లో డెర్వర్‌గిల్లా పూర్తిచేయించినదని ఆ దేశపు వార్షికవృత్తాంతములు చెప్పుచున్నవి. ఆ వాకిట కమాను చుట్టు మృగముల తలలు వరుసగా నిలిచి గుండ్రని రాతికడ్డీని నోట కరచియున్నవి. లోపలి కమానుమీద రంపపు పండ్లవంటి గీతలు మడతలు మడతలుగా సాగినవి. శిల్పుల పేర్లు ఎచటను లేవు. కట్టించిన ఆమె పేరు మాత్రము మిగిలినది. అదియు గ్రంథమునందేగాని రాతియందు కాదు.

ఆ రోజులలోనే ఈ శిల్పరీతికి కాలము చెల్లుచుండెను. 1142లో మెల్లిఫాంట్‌లో సిస్టర్షియన్ మఠము వెలసినది. ఆ శాఖవారికి శిల్పమన్నను చిత్రమన్నను పనికిరాదు. తెల్లగోడ, సాదాకమాను చాలును. 1157లో ఆ మఠపు ప్రతిష్ఠనాడు అరువది ఔన్సుల బంగారమును, ఒక స్వర్ణపాత్రను, తొమ్మిది వేదికలకు వస్త్రములను సమర్పించినదియు డెర్వర్‌గిల్లాయే. 1193లో, 85వ యేట, ఆమె కన్నుమూసినది ఆ మఠముననే.

ఆమె కట్టించిన చర్చి శిథిలమై కమానులు కూలిపోగా, 1865లో కిల్‌కెన్నీ పురావస్తు సంఘమువారు గడ్డిలో పడియున్న రాళ్ళను ఏరి, ఏ తల ఏ తల ప్రక్కనుండెనో పోల్చుకొని, కమానులను మరల నిలిపిరి. కప్పు లేదు. మృగముల తలలు వానలో తడియుచు, కడ్డీని విడువక కరచియున్నవి.