రాటలు కాల్చి పాతినంత మాత్రమున నిలుచునా?



కంచె గుంజలను, పందిరి రాటలను మొదళ్ళు నల్లబడునట్లు మంటలో కాల్చి పాతు అలవాటు మన పల్లెలలో కలదు. కాలిన కొయ్యకు నీరు పట్టదని, చెద అంటదని నమ్మకము. ఇందులో కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. కాపుమీదనున్న పాదులతో పందిరి కూలినచో నష్టము మనదే గనుక ఈ సంగతి విచారింతము.

పచ్చికొయ్యలో నీరు రెండు విధముల నుండును. కణముల బోలులో నిలుచు నీరు ముందుగా ఆరిపోవును. కణముల గోడలలో ఇమిడిన నీరు నెమ్మదిగా పోవును. ఎండుకొయ్య బరువులో నూటికి సుమారు 30 పాళ్ళ నీటిని ఈ గోడలు పట్టగలవు. ఈ నీరు తగ్గినపుడు కొయ్య ముడుచుకొనును, పెరిగినపుడు ఉబ్బును. తేమ నూటికి 20 పాళ్ళకు లోపుగా నున్నంతకాలము కుళ్ళు కలిగించు శిలీంధ్రములు పెరుగజాలవు.

గాలి సోకకుండ సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు కాచినచో, గోడలలో తేమను పట్టియుంచు హెమిసెల్యులోజు అను పదార్థము విరిగిపోవును. అట్టి కొయ్య గాలిలోని తేమను ఇంచుమించు సగమే పీల్చును. ఫిన్లాండు దేశములో 1990 తరువాత ఇది పరిశ్రమగా పెరిగినది. కాని వేడివలన కొయ్య పెళుసగును. అందుచే నేలలో పాతుటకు, బరువు మోయుటకు ఆ కొయ్య తగదు.

మన మంట పని వేరు. పైపొర మాత్రమే బొగ్గగును. లోపలి కొయ్య మారదు. పచ్చిరాటను కాల్చినచో ఆరునపుడు పగుళ్ళు తీయును. ఆ పగుళ్ళగుండ నీరు, చెద లోపలికి పోవును. మితిమీరి కాల్చినచో రాట సన్నబడి నేలమట్టమున విరుగును.

కావున ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. చేవగల కొయ్యను ఎన్నుకొనుడు. బెరడు క్రింది తెల్లచెక్క కాల్చినను త్వరగా చెడును.

2. బెరడు తీసి, నేలకు తగులకుండ దిమ్మెలపై పేర్చి, నీడలో బాగుగా ఆరనిండు.

3. పాతిన పిమ్మట మొదట చుట్టును మట్టి ఎగదోసి, నీరు నిలువకుండ చేయుడు.

4. ఏటేట తొలకరికి ముందు మొదటి మట్టి తీసి, కత్తిమొనతో గ్రుచ్చి చూడుడు. మెత్తగా దిగినచో రాటను మార్చుడు.

5. పార, గొడ్డలి కామలను మంటలో అతిగా కాచకుడు, పెళుసెక్కి విరుగును.

6. ద్రాక్ష, దొండవంటి శాశ్వత పందిళ్ళకు రాతి స్తంభములు మేలు.

కాల్చుట ఆరబెట్టుటకు బదులు కాజాలదు. కొయ్యను పొడిగా నుంచుటయే దానికి ఆయుష్షు.