హార్డీ జెరేనియంలను గుర్తుపట్టడం ఎలా?

చలిదేశాల పెరటి తోటల్లో శీతకాలాన్ని తట్టుకుని ఏటా మళ్లీ చిగురించే మొక్కలు హార్డీ జెరేనియంలు. కుండీల్లో పెంచే, నర్సరీల్లో జెరేనియం పేరుతోనే అమ్మే పెలార్గోనియం వేరు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే 1789లో ఈ రెండింటినీ విడదీశాడు. జెరేనియం పువ్వులో అయిదు రేకులూ ఒకేలా ఉంటాయి. పెలార్గోనియంలో పై రెండు రేకులు తేడాగా కనిపిస్తాయి.

రకం తేల్చడానికి రంగు ఒక్కటే చాలదు. ఆకు నలిపితే ఘాటు వాసన వచ్చి, ఉబ్బిన ఎర్రటి రక్షకపత్రావళిలోంచి కేసరాలు పొడుచుకొస్తే అది మాక్రోరైజం. ఆకులు లోతుగా చీలి, కాడకు సాధారణంగా ఒకే ముదురు గులాబీ పువ్వు ఉంటే సాంగ్వినియం. నల్లటి ఊదా రేకులు వెనక్కి వంగితే ఫీయం. తెల్లని నడిభాగంతో ఊదానీలం పూలు వేసవి నుంచి శరత్తుదాకా పూస్తూనే ఉంటే ‘రోజాన్’ రకం కావచ్చు; అది రెండు హిమాలయ జాతుల సంకరం.