బూట్ తరువాత 30 సెకన్లు: ఒక స్నాతకోత్సవ ప్రసంగం

పట్టాలు అందుకుంటున్న యువతీయువకుల్లో కొందరు రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో చేయబోయే ఒక పనిని, అంటే పరికరాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలు రాయడాన్ని, అందులో తరచు కనిపించే ఒక నిర్లక్ష్యాన్ని ఇక్కడ ప్రస్తావించవలసి ఉంది.

ఫోనులోనైనా చిన్న కంప్యూటర్ బోర్డులోనైనా అన్ని భాగాలకూ ఒకే వోల్టేజి సరిపోదు. మెమరీ కార్డు 3.3 వోల్టులతో మొదలై, వేగం పెంచుకోవలసినప్పుడు సంకేతాల తీగలను 1.8 వోల్టులకు దించుకుంటుంది. ప్రాసెసర్ అంతర్భాగం ఒక వోల్టు దరిదాపుల్లో పనిభారాన్ని బట్టి హెచ్చుతగ్గులతో నడుస్తుంది. ఇలా కావలసిన వోల్టేజిని నిలకడగా అందించే భాగమే వోల్టేజ్ రెగ్యులేటర్. అటువంటివి అనేకం ఒకే చిప్పులో ఇమిడితే దాన్ని పీఎంఐసీ, అంటే విద్యుత్ నిర్వహణ చిప్పు, అంటారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం కేంద్రభాగమైన కెర్నల్‌లో వీటికొక ఉమ్మడి చట్రం 2008లో వెలువడిన 2.6.27 కూర్పుతో వచ్చింది. వుల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్‌లో పనిచేసిన లియామ్ గిర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్ దానికి రూపమిచ్చారు. ఒకే రెగ్యులేటర్ మీద పలు పరికరాలు ఆధారపడవచ్చు గనుక చట్రం వాడకందార్ల లెక్క ఉంచుతుంది: డ్రైవర్ విద్యుత్తు అడిగితే లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలితే ఒకటి తగ్గుతుంది, గదిలోంచి ఆఖరున వెళ్ళేవారే దీపం ఆర్పినట్టు, లెక్క సున్నాకు చేరినప్పుడే సరఫరా ఆగుతుంది.

చిక్కంతా బూట్ సమయంలోనే. కెర్నల్ రాకముందే బూట్‌లోడర్ అనే తొలి ప్రోగ్రాం తెర మీద కంపెనీ చిహ్నం చూపించడానికి కొన్ని రెగ్యులేటర్లను ఆన్ చేసి తప్పుకుంటుంది. విద్యుత్తు పారుతూనే ఉంటుంది గాని, కెర్నల్ లెక్కలో దాన్ని అడిగినవారెవరూ ఉండరు. డ్రైవర్లు మొదలయ్యే దశ ముగిశాక, ఆలస్యంగా లోడయ్యే మాడ్యూళ్ళ కోసం కెర్నల్ మరో 30 సెకన్లు ఆగి, అప్పటికీ ఎవరూ అడగనివాటిలో తనకు ఆపే అనుమతి ఉన్నవాటిని ఆపివేస్తుంది. చక్కగా వెలుగుతున్న తెర లాగిన్ అడిగిన కాసేపటికే నల్లబడుతుంది. లాగ్‌లో రెగ్యులేటర్ పేరు పక్కన 'డిసేబ్లింగ్' అన్న ఒక్క మాట మిగులుతుంది.

ఈ ప్రసంగకర్త దగ్గర పనిచేసిన యువ ఇంజనీర్లు, తెలివిలో ఎవరికీ తీసిపోనివారే, ఆ మాట చూడగానే బోర్డులోని భాగాలను వర్ణించే డివైస్ ట్రీ ఫైలులో 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' అని ఒక వరుస చేర్చి, తెర వెలిగింది గనుక పని అయిపోయిందని చెప్పేవారు. సరఫరాను అడగకపోవడమనే డ్రైవర్‌లోని లోపం అలాగే ఉండిపోతుంది, తెర ఆర్పి ఉన్నప్పుడు కూడా ఆ భాగం బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళు కష్టపడి చదివినవారు డేటాషీట్‌లో రెండు పేజీలు తిరగేయడానికి బద్ధకించడం ఏమాత్రం తగదని, ఇక్కడి ఆచార్యుల తరఫున కూడా, ప్రేమతోనే మందలించక తప్పదు. మరికొందరు 'రెగ్యులేటర్-బూట్-ఆన్' అని రాసి నిశ్చింతగా ఉంటారు. అది బూట్ వేళ ఆన్‌లో ఉండాలని చెబుతుందే గాని, తరువాత ఆపకుండా కాపాడదు.

చేయవలసిందల్లా డ్రైవర్ తనకు కావలసిన సరఫరాను తానే పేరు పెట్టి అడగడం. పీఎంఐసీ సాధారణంగా ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద ఉంటుంది గనుక ఆ బస్సు డ్రైవర్ ముందు సిద్ధం కావాలి. అంతవరకు కెర్నల్ 'తరువాత ప్రయత్నించు' అన్న సంకేతమిస్తుంది, దాన్ని డ్రైవర్ మింగేయకుండా పైకి పంపితే మరోసారి అవకాశం దొరుకుతుంది. 2012 నాటి 3.4 కూర్పు నుంచి ఈ సదుపాయం ఉంది. డివైస్ ట్రీలో సరఫరా పేరే రాయకపోతే చట్రం ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్‌ను చేతికిచ్చి లాగ్‌లో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదవకుండా దాటేయడం మరీ చెడ్డ అలవాటు. ఆన్ చేశాక ఫలితం సరిచూసి, డేటాషీట్ చెప్పినంతసేపు ఆగి, ఆ తరువాతే మిగిలిన పనులకు పోవాలి.

పని అయిందని చెప్పే ముందు బూట్‌లోడర్‌లో తెరను వెలిగించే భాగాన్ని తీసివేసి, బోర్డుకు విద్యుత్తు పూర్తిగా తెంచి, మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. ఒక నిమిషం గడిచాక డీబగ్ ఫైల్ సిస్టంలోని 'రెగ్యులేటర్_సమ్మరీ' పట్టిక తెరిచి, ఏ రెగ్యులేటర్‌ను ఎవరు అడిగారో వరుసవారీగా సరిచూడాలి. మెమరీ చిప్పుల సరఫరా వంటి చోట్ల 'ఆల్వేస్-ఆన్' నిజంగానే అవసరం; అక్కడ కూడా కారణాన్ని ఆ వరుస పక్కనే వ్యాఖ్యగా రాసిపెడితే, రెండేళ్ళకు అదే బోర్డు చేతికొచ్చే మరో ఇంజనీరు దాన్ని ఉంచాలా తీసేయాలా అని తడుముకోనక్కరలేదు.