ఇల్లు, పిల్లలు: చట్టం మనకి ఏం చెబుతోంది



అప్పు వాయిదా ఎందుకు కట్టలేదని మేము అడిగితే ఎవరైనా కారణం చెబుతారు. చేతి మీద ఆ దెబ్బేమిటని అడిగితే మాత్రం "జారి పడ్డాను" అంటారు. పక్కన కూర్చుని మళ్ళీ అడిగితే రెండు భయాలు బయటకొస్తాయి. "ఇల్లు మామగారి పేరున ఉంది, గెంటేస్తే ఎక్కడికెళ్ళను? పిల్లల్ని నాతో పంపరట." ఈ రెండింటికీ చట్టంలో జవాబుంది.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, మన కూలి డబ్బులు లాక్కోవడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకపోవడం కూడా హింసే.

ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. అత్తమామల సొంత ఇంటికి కూడా ఇది వర్తిస్తుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే ఇల్లు మనదైపోయిందని కాదు, ఉండే హక్కు ఉందని. ఒక్కోసారి కోర్టు వేరే అద్దె ఇల్లు చూపించమనొచ్చు.

ఇక పిల్లలు. మేజిస్ట్రేటు ఇదే కేసులో పిల్లల్ని తాత్కాలికంగా తల్లికి అప్పగించొచ్చు, వాళ్ళ ఖర్చూ ఇప్పించొచ్చు. పూర్తి కస్టడీ కోసం వేరే కేసు వెయ్యాలి. అక్కడ ముందు చూసేది బిడ్డ మేలు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. పెద్ద పిల్లలైతే చదువు, ఆరోగ్యం, వాళ్ళ ఇష్టం చూస్తారు. "మగపిల్లాడు మా వంశం" అన్నంత మాత్రాన అటు పంపరు. తల్లి అన్నంత మాత్రాన ఇటూ పంపరు. అందుకే బిడ్డ స్కూలు కాగితాలు, టీకాల కార్డు, మన ఆసుపత్రి చీటీలు భద్రంగా దాచుకోవాలి.

ఎక్కడికెళ్ళాలి? ఐసీడీఎస్ వాళ్ళని అడిగితే రక్షణ అధికారి ఎవరో చెబుతారు. 181కి ఫోను చెయ్యొచ్చు. అప్పటికప్పుడు ప్రాణం మీదకొస్తే 112. హైదరాబాదో, చెన్నయ్యో కూలికెళ్ళిన చోట దెబ్బలు తిని పుట్టింటికొచ్చినా, ఇక్కడి కోర్టులోనే వెయ్యొచ్చు. విడాకులు అడగక్కర్లేదు. శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా పెడుతుంది. వాళ్ళ నంబరు 15100. రక్షణ ఆర్డరుని మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కేసుని 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. కానీ కోర్టు వాయిదాలు మన అప్పు వాయిదాల్లాంటివి కావు, ఎన్ని పడతాయో చెప్పలేం. సంఘం అవసరం అక్కడే.

దెబ్బలు తిన్న మనిషే వెళ్ళి చెప్పాలని లేదు. పొరుగింటివారైనా, సంఘం సభ్యురాలైనా రక్షణ అధికారికి కబురు చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ బాధ్యతా పడదని చట్టమే అంటోంది. కాబట్టి "అది వాళ్ళింటి గొడవ" అని ఊరుకోనక్కర్లేదు.

ఈ నంబర్లు సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోండి. కోర్టుకెళ్ళే అక్కకి ఒకరు తోడెళ్ళండి. ఆమె తిరిగొచ్చేదాకా ఆ పిల్లలకి ఇంకొకరు అన్నం పెట్టండి. సెలవు.