ఇంట్లో కట్టుకున్న స్పెక్ట్రమ్ ఎనలైజర్

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది బి.కాం. బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. ఇలాంటివాడు రేడియో గురించి ఏం చెబుతాడని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు నన్ను పిలవడానికి కారణం కూడా అదే. కామర్స్ చదివినవాడు సైన్సు జోలికి పోకూడదని, సైన్సు చదివినవాడికి చేతిపనితో అవసరం లేదని మన ఇళ్ళల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. హోసూరులో మా ఇంటి వెనక గదిలో ఒక పెట్టె ఉంది. దాన్ని నా చేతులతోనే కట్టాను. దాని గురించి చెబితే ఆ అభిప్రాయం ఎంతవరకు నిజమో మీరే తేల్చుకుంటారు.

ముందు అమెచ్యూర్ రేడియో అంటే ఏమిటో చెప్పాలి. దీన్నే హామ్ రేడియో అంటారు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నవాళ్ళు సొంత రేడియో సెట్లతో దేశదేశాల వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. దానితో వ్యాపారం చేయకూడదు. సెట్టును సొంతంగా కట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛతో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. మనకు కేటాయించిన చోట తప్ప మరెక్కడా మన సంకేతం వినబడకూడదు.

ఇది అనుకున్నంత తేలిక కాదు. వీణ తీగను మీటితే మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు ఉన్న సన్నని స్వరాలు కూడా పలుకుతాయి. ట్రాన్స్‌మిటర్ కూడా అంతే. మనం 7.1 మెగాహెర్ట్జ్ మీద పంపుతుంటే 14.2 మీద, 21.3 మీద కూడా కొంత శక్తి బయలుదేరుతుంది. వీటిని హార్మోనిక్‌లు అంటారు. వీణలో అవి నాదానికి అందం. రేడియోలో మాత్రం ఇంకొకరి సంభాషణకు అడ్డం. వాటిని ఆపడానికి ఏరియల్‌కు ముందు ఒక ఫిల్టరు పెడతారు. కొన్ని కెపాసిటర్లు, వలయాల మీద చుట్టిన రాగి తీగ చుట్టలు, అంతే దాని సరంజామా. తక్కువ ఫ్రీక్వెన్సీని పోనిచ్చి ఎక్కువ ఫ్రీక్వెన్సీని అడ్డుకుంటుంది.

ఆ ఫిల్టరు నిజంగా పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? కంటికి కనబడదు, చెవికి వినబడదు. మల్టీమీటరు చెప్పలేదు. ఆసిల్లోస్కోపు మీద అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఒకే అలగా కనిపిస్తాయి. అందులో వెయ్యో వంతు కల్తీ ఉన్నా కన్ను పట్టలేదు. ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి, దేని పద్దు దానికి వేసి చూపించే పరికరమే స్పెక్ట్రమ్ ఎనలైజర్. బ్యాంకు భాషలో చెప్పాలంటే రోజు మొత్తం వసూళ్ళను ఖాతాల వారీగా లెడ్జర్లోకి ఎక్కించడం లాంటిది.

కంపెనీలు చేసే ఎనలైజర్లు ఒకప్పుడు లక్షల్లో ఉండేవి. 1998లో వెస్ హేవర్డ్, టెర్రీ వైట్ అనే ఇద్దరు అమెరికన్ హామ్‌లు ఇంట్లో కట్టుకోదగ్గ ఎనలైజర్ వివరాలను క్యూఎస్‌టీ పత్రిక ఆగస్టు, సెప్టెంబరు సంచికల్లో ప్రచురించారు. అది సుమారు 70 మెగాహెర్ట్జ్ దాకా చూస్తుంది. నేను కట్టింది ఆ పద్ధతిలోనే.

అది పని చేసే తీరు మీకు అర్థమయ్యేలా చెబుతాను. పెట్టెలో ఒక ఆసిల్లేటర్ ఉంటుంది. అది 110 నుంచి 180 మెగాహెర్ట్జ్ వరకు మెల్లగా పైకి పాకి, మళ్ళీ మొదటికి వస్తుంది. బయటి నుంచి వచ్చే సంకేతం దానితో మిక్సర్లో కలుస్తుంది. ఆ రెండింటి తేడా సరిగ్గా 110 అయినప్పుడే లోపలి గేటు తెరుచుకుంటుంది. ఆసిల్లేటర్ 117 దగ్గర ఉంటే 7 మెగాహెర్ట్జ్ సంకేతానికి, 124 దగ్గర ఉంటే 14కు మాత్రమే ప్రవేశం. లోపలికి వచ్చినదాన్ని 10 మెగాహెర్ట్జ్‌కు దించి ఇంకా సన్నగా వడపోస్తారు. చివర ఏడీ8307 అనే చిప్పు దాని బలాన్ని కొలిచి, ఒక్కో డెసిబెల్‌కు సుమారు 25 మిల్లీవోల్టుల చొప్పున బయటికి ఇస్తుంది. పాత ఆసిల్లోస్కోపు తెర మీద అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా బలం కనబడతాయి.

డెసిబెల్ అనగానే కామర్స్ పిల్లలు భయపడనక్కర లేదు. మా రోజుల్లో చక్రవడ్డీ లెక్కలకు లాగరిథమ్ పట్టికలు వాడేవాళ్ళం. ఇది కూడా ఆ లాగరిథమే. శక్తి లెక్కలో 3 డెసిబెల్స్ అంటే సుమారు 2 రెట్లు, 10 అంటే 10 రెట్లు, 20 అంటే 100 రెట్లు, 30 అంటే 1,000 రెట్లు. డెసిబెల్స్‌ను కూడితే రెట్లను గుణించినట్టు. అమెరికాలో 2003 నుంచి అమలైన నిబంధన ప్రకారం, 30 మెగాహెర్ట్జ్ లోపు పని చేసే కొత్త హామ్ ట్రాన్స్‌మిటర్లలో ఇలాంటి అక్కర లేని శక్తి అసలు సంకేతం కంటే కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలి. 40కి 10,000 రెట్లు, 3కి 2 రెట్లు, మొత్తం 20,000 రెట్లు. అంటే ఇరవై వేల రూపాయల పద్దులో ఒక్క రూపాయికి మించి తేడా ఉండకూడదన్నమాట. బ్యాంకులో పని చేసినవాడికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర లేదు.

సాయంత్రాలు, ఆదివారాలు కలుపుకుని పెట్టె పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. విడిభాగాల కోసం బస్సెక్కి బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళేవాణ్ణి. ఒక భాగం సంకేతం మరో భాగంలోకి కారకుండా రాగి పూత బోర్డు ముక్కలతో చిన్న చిన్న గదులు కట్టి అతికించాను. పెట్టె కట్టడం సగం పనే. అది చెప్పేది నిజమా కాదా అని తేల్చుకోవడం మిగతా సగం. ఆడిటరు వచ్చి మన పద్దులు చూస్తాడు, బాగానే ఉంది. ఆ ఆడిటరును ఎవరు చూడాలి?

దానికి రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది ఎటెన్యుయేటర్ పరీక్ష. 100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, 68 ఓమ్‌లది ఒకటి చాలు. మధ్యలో 68ని పెట్టి, దాని రెండు కొసల నుంచి భూమికి చెరొక 100 కలిపితే, 50 ఓమ్‌ల పరికరాల మధ్య సంకేతాన్ని 10 డెసిబెల్స్‌కు కాస్త తక్కువగా తగ్గిస్తుంది. క్రిస్టల్ ఆసిల్లేటర్ నుంచి సంకేతమిచ్చి, ఈ ముక్కను పెట్టినప్పుడు తెర మీది గీత అంతే దిగాలి. రెండు పెడితే రెట్టింపు దిగాలి. అలా దిగకపోతే పెట్టెను సరిచేయాలి.

రెండోది మరింత ముఖ్యం. లోపలికి సంకేతం ఎక్కువైతే ఎనలైజర్ మిక్సరే సొంతంగా హార్మోనిక్‌లను పుట్టిస్తుంది. అవి బయటి నుంచి వచ్చినవాటిలాగే తెర మీద నిలబడతాయి. ఏవి నిజం, ఏవి అబద్ధం? ముందువైపు 10 డెసిబెల్స్ ఎటెన్యుయేటర్ పెట్టండి. నిజమైన హార్మోనిక్ 10 దిగుతుంది. పెట్టె పుట్టించిన రెండో హార్మోనిక్ 20 దిగుతుంది, మూడోదైతే 30. ఇంత చిన్న ఉపాయంతో అబద్ధం బయటపడిపోతుంది.

ఇక ఫిల్టరును కొలవడం. ముందు సిగ్నల్ జనరేటరును నేరుగా ఎనలైజర్‌కు కలిపి, ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర బలం రాసుకోవాలి. ఇది ప్రారంభ నిల్వ. తర్వాత మధ్యలో ఫిల్టరు పెట్టి మళ్ళీ రాసుకోవాలి. రెండింటి తేడాను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే ఫిల్టరు రూపం కనబడుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం ఒక డెసిబెల్ లోపు, 14 దగ్గర మాత్రం లోయలా ఉండాలి. చుట్టల్లో ఒక చుట్టు తేడా వచ్చినా ఆ గీత జరుగుతుంది. ఎర్ర రంగు టీ50-2 వలయం మీద 16 చుట్లు చుడితే సుమారు 1.25 మైక్రోహెన్రీలు. చుట్లు రెట్టింపైతే ఇండక్టెన్సు నాలుగు రెట్లవుతుంది.

మా వీధిలో డిప్లొమా చదివే కుర్రాడొకడు ఉన్నాడు. ఇలాంటి సభలోనే ఉపకార వేతనం అందుకున్నవాడు. లైసెన్సు తెచ్చుకుని, కిట్టు కొని, 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ బిగించాడు. అదే వాడి కాలేజీ ప్రాజెక్టు. రికార్డు పుస్తకంలో "రెండో హార్మోనిక్ 50 డెసిబెల్స్ కింద ఉంది" అని రాసుకుని నాకు చూపించడానికి తెచ్చాడు.

"ఎలా కొలిచావురా?" అన్నాను.

"కొలవలేదు తాతా. కిట్టుతో వచ్చిన పుస్తకంలో అలాగే ఉంది. అందరం అదే రాశాం."

సెట్టును ఏరియల్‌కు కాకుండా డమ్మీ లోడుకు కలిపి, చాలినన్ని ఎటెన్యుయేటర్ల మీదుగా ఎనలైజర్‌కు ఇచ్చాం. పిల్లలూ, 5 వాట్లను నేరుగా ఎనలైజర్‌కు ఇస్తే అది కాలిపోతుంది, జాగ్రత్త. తెర మీద రెండో హార్మోనిక్ 31 డెసిబెల్స్ కింద నిలబడింది. 10 డెసిబెల్స్ ముక్క అదనంగా పెట్టి చూశాం. రెండు గీతలూ సమానంగానే దిగాయి. అంటే అది నిజమైన హార్మోనిక్కే. పావు మిల్లీవాటుకు మించకూడని చోట సుమారు 4 మిల్లీవాట్లు బయటికి పోతున్నాయి. వాడి ముఖం చిన్నబోయింది.

భూతద్దం పెట్టి వెతికాం. ఫిల్టరులో ఒక కెపాసిటర్ కాలు పైకి మెరుస్తోంది కానీ కింద సోల్డర్ అతకలేదు. మళ్ళీ వేడి చేసి అతికిస్తే 52కు దిగింది. పుస్తకంలో చెప్పినదానికంటే మెరుగు! వాడు రికార్డులోని 50ని చెరిపేయబోయాడు. నేను ఆపాను. బ్యాంకులో అంకెను చెరపడం గానీ, దాని మీద దిద్దడం గానీ ఉండదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం చేస్తాం. వాడూ అలాగే చేశాడు. ముందు 31, కారణం ఇది, తర్వాత 52 అని మూడూ రాశాడు. ఆ పేజీ కాపీ రాత కాదు. అది వాడి సొంత సంపాదన.

నేను చెప్పదలచుకున్నది ఇదే. కాలేజీ ల్యాబుల్లో రావలసిన జవాబు ముందే తెలుసుకుని, దానికి సరిపోయే అంకెలు రాయడం మామూలైపోయింది. మార్కులు వస్తాయి కూడా. కానీ అతకని ఆ కెపాసిటర్ కాలు ఎప్పటికీ బయటపడదు. రేపు మీరు వంతెనకు ఇనుము కొలుస్తారు, ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తారు, కంపెనీ లెక్కలు చూస్తారు. అక్కడ రాయాల్సింది రావలసిన అంకె కాదు, వచ్చిన అంకె.

ఈ రోజుల్లో ఇవన్నీ కట్టడమెందుకని అడగవచ్చు. నిజమే, 2020లో వచ్చిన టైనీఎస్ఏ వంటి అరచేతి ఎనలైజర్లు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, మంచిదే. కానీ దాన్ని కూడా నేను చెప్పిన ఎటెన్యుయేటర్ పరీక్షతో సరిచూసుకోండి. కట్టాలనే ఆసక్తి ఉన్నవాళ్ళకు దారి మన దగ్గరే ఉంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు 2003లో బిటెక్స్ అనే చవక ట్రాన్స్‌సీవర్‌ను రూపొందించారు. ఆ తర్వాత ఆర్డినో బోర్డు, ఎస్ఐ570 ఆసిల్లేటర్, ఏడీ8307 చిప్పులతో ఫిల్టర్లను కొలిచే స్వీపరినోను కూడా రూపొందించి, వివరాలన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చారు. మన ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, పుస్తకంలో ఇంగ్లీషు. అయినా సర్క్యూటు బొమ్మ అన్ని భాషల వాళ్ళకూ ఒకటే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్ల ఏ గ్రూపు తీసుకున్నా సరే, ఇంట్లో ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటరు ఉండనివ్వండి. అది చదువుకు అడ్డం రాదు. మార్కులు ఎన్ని వచ్చాయని అడిగే రోజున, ఈ రోజు ఏం కొలిచావని కూడా అడగండి. ఫిల్టర్లు కట్టినవాళ్ళు ఎవరైనా హోసూరు వస్తే తీసుకురండి, ఆదివారాలు పెట్టె ఖాళీగానే ఉంటుంది. కలిసి కొలుద్దాం.

ఉపకార వేతనాలు అందుకున్న పిల్లలందరికీ నా ఆశీస్సులు.