ముందు పొడి ఆరనివ్వండి

వానలు పడ్డాయంటే చాలు, కాటేదాన్ నుంచీ, చందూలాల్ బారాదరి షెడ్ల నుంచీ ఒకటే ప్రశ్న: "సార్, ఫైబర్ సామాను తొందరగా అరిగిపోతోంది, రెసిన్‌లో కలిపే ఫిల్లర్ పొడి పెంచమంటారా?" పెంచొద్దు. ముందు ఉన్న ఫిల్లర్‌ని ఆరబెట్టండి.

పోయిన వానాకాలం చాంద్రాయణగుట్ట వైపు నుంచి ఒక తమ్ముడు ఒక రెక్క పట్టుకొచ్చాడు. గ్రానైట్ కోసే చోట బురదనీళ్లు కలియబెట్టే రెక్క అది. గాజు మ్యాట్, ఎపాక్సీ రెసిన్, ఫిల్లర్‌గా అల్యూమినా పొడి. ఎండాకాలంలో చేసినవి బాగున్నాయట. వానల్లో చేసినవాటికి పైపొర లేచిపోయి నారలు బయటపడుతున్నాయి. గట్టిపడాలని పొడి రెట్టింపు వేశాడు, అరుగుదల ఇంకా ఎక్కువైంది. ముక్క విరిచి భూతద్దం కింద చూస్తే పొడి ఉండలు కట్టి ఉంది, ఉండల చుట్టూ సన్నటి సందులు. నీళ్లు చాలని ఉప్మాలో నూకలా, లోపల రెసిన్ అందని రేణువులే. పట్టు లేని గట్టి రేణువు ఊడొచ్చి, తనే ఆ రెక్కను గీరేస్తుంది. షెడ్డులో ఆ పొడి సంచి మూతి తెరిచే ఉంది, తేమంతా అందులోకే పోయింది!

పళ్లెంలో పలుచగా పరిచి 110 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచమన్నాను. మూత డబ్బాలో చల్లార్చి, పాత కొలతే వేయమన్నాను. ఆ రెక్కలు నిలబడ్డాయి. ఎపాక్సీ, గాజు మీద చేసిన చాలా పరీక్షల్లో బరువులో 5 నుంచి 10 శాతం దగ్గర అరుగుదల తగ్గి, ఆ పైన మళ్లీ పెరుగుతుంది. ఆరని పొడితో ఆ లెక్క కూడా పనికిరాదు.

పట్టు ఎంత ముఖ్యమో చూడండి. అబ్దుల్ కలాం గారి బృందం మన హైదరాబాద్‌లోనే క్షిపణులకు వాడే ఈ జాతి పదార్థంతో, నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు కాళ్లకు కట్టుకుని మోస్తున్న మూడు కిలోలకు పైబడిన కాలిపర్లను 300 గ్రాములకు దించింది. నారకూ రెసిన్‌కూ పట్టు కుదిరితేనే అంత తేలిక వస్తువు బరువు మోస్తుంది. పొడి విషయమూ అంతే.

మిగతావి త్వరగా చెబుతాను. షాఫ్ట్ మీద తిరిగే బుష్షుకు గ్రాఫైట్ గానీ టెఫ్లాన్ పొడి గానీ వేయండి, సిలికాన్ కార్బైడ్ వేస్తే షాఫ్టునే తినేస్తుంది. ఇసుక, బురద రాసుకునే చోట మాత్రం అది మంచిదే, ఆరబెట్టాకే సుమా. రెసిన్‌తో పట్టు కుదిరేలా సిలేన్ పూత పట్టించిన పొడి దొరికితే అదే కొనండి. మాస్క్ లేకుండా పొడి కలపకండి. పాలియెస్టర్ వాడేవాళ్లు కోబాల్ట్‌నీ కేటలిస్టునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్టు పోయండి.